పెళ్లి ముహూర్తం పెట్టుకొని లేజర్‌కు వెళ్లకండి

లేజర్‌తో అవాంఛిత రోమాలు తీయించుకునే ముందు ఏమేమి తెలుసుకోవాలన్నది ప్రశ్న. ధర గురించి, నొప్పి గురించి చెప్పేవారు చాలామంది ఉంటారు కనుక నేను ఆ జోలికి పోను. మా మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు ఆడపిల్లలకు ఈ ఆలోచన వచ్చేదే పెళ్లి కుదిరిన తరువాత. పని చెడేది కూడా అక్కడే.

ప్రతి వెంట్రుకకూ పెరిగే దశ, ఆగే దశ, రాలే దశ ఉంటాయి. పెరిగే దశలో ఉన్న వెంట్రుక కుదురును మాత్రమే లేజర్ సరిగా దెబ్బతీయగలదు, ఏ సమయంలో చూసినా ఆ దశలో ఉండేవి కొన్నే. అందుకే ముఖానికైతే 4 నుంచి 6 వారాలు, చేతులకు, కాళ్లకు అయితే 6 నుంచి 8 వారాలు ఎడమిస్తూ, సాధారణంగా 6 నుంచి 8 సిట్టింగులు చేస్తారు. లెక్క వేసుకుంటే ముఖానికే ఐదు నుంచి పది నెలలు పడుతుంది, కాళ్లకూ చేతులకూ ఏడు నెలల నుంచి ఏడాది దాకా పోతుంది. దీపావళి వెళ్లాక పూలుపండ్లు పెట్టుకొని మాఘమాసంలో పెళ్లి చేసే ఇళ్లలో అంత వ్యవధి ఎక్కడిది?

మా చిన్నమ్మ బిడ్డ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. వాళ్లది దేవరకొండ దగ్గరి పల్లె. పెళ్లి కుదిరిన తరువాత కూడా కూలీలు దొరకక ఆ పిల్ల పత్తి ఏరడానికి వెళ్తూనే ఉండడం వల్ల ముంజేతులు ఎండకు బాగా నల్లబడ్డాయి. హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌కు నన్ను తోడు తీసుకొని వెళ్లింది. అక్కడ డాక్టర్ గోడ మీది ఫోటోలో తప్ప ఎక్కడా కనిపించలేదు. నల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి, తాను కౌన్సెలర్‌నని చెప్పి, మమ్మల్ని కూర్చోబెట్టి ప్యాకేజీల కాగితం ముందు పెట్టింది. "పెళ్లిలోపు అంతా క్లియర్ అయిపోతుంది మేడమ్" అన్నది. ఏ లేజర్ వాడతారని నేను అడిగితే "అమెరికా మెషిన్ మేడమ్" అని జవాబిచ్చింది. ఆ సమాధానం విని లేచి వద్దామన్నాను గాని, పెళ్లికూతురి తొందర ముందు నా మాట చెల్లలేదు.

లోపలి గదిలో ఆపరేటర్ చేతులకు చల్లని జెల్ పూసి, కళ్లకు అద్దాలు పెట్టి పని మొదలుపెట్టింది. రెండు నిమిషాలకే వెంట్రుకలు మాడిన వాసన గదంతా నిండింది. "అక్కా, బాగా మండుతున్నది" అని పిల్ల అంటే, "అట్లనే ఉంటది, జర ఓర్చుకోవాలె" అని ఆమె ఆపకుండా కానిచ్చింది. సాయంత్రం బస్సు దిగేసరికి రెండు ముంజేతుల మీదా, ఆ పరికరం మూతి ఎంత ఉందో అంతేసి చతురస్రాలు, ఆఫీసు ముద్రలు వేసినట్టు వరుసగా ఎర్రగా తేలాయి. అవి తరువాత నల్లని మచ్చలయ్యాయి, పెళ్లి నాటికి పోలేదు. గడ్డానికి కూడా లేజర్ పెట్టించుకున్నది, ఆ సంగతి ఇంకా విచిత్రం. ఆ వారంలోనే పార్లర్‌లో థ్రెడింగ్ చేయించుకొని వెళ్లింది. వేరుతో సహా వెంట్రుక ఊడివచ్చాక లేజర్ పట్టుకోవడానికి అక్కడ ఏముంటుంది? థ్రెడింగ్ గాని వ్యాక్సింగ్ గాని ఎప్పుడు చేయించారని అక్కడ ఒక్కరూ అడగలేదు.

మచ్చలెందుకు పడ్డాయో తెలిస్తే ఏమి అడగాలో తెలుస్తుంది. లేజర్ కాంతిని వెంట్రుకలోని మెలనిన్ అనే రంగు పదార్థం పీల్చుకొని వేడెక్కి, కుదురును కాలుస్తుంది. పరిసర కణజాలాన్ని వదిలి లక్ష్యాన్ని మాత్రమే కాంతితో వేడిచేయవచ్చని ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు 1983లో వివరించిన సూత్రమే దీనికి ఆధారం. అయితే మన చామనఛాయ చర్మంలోనూ అదే మెలనిన్ ఉంటుంది, ఎండలో తిరిగితే ఇంకా పెరుగుతుంది. లేజర్లలో రకాలున్నాయి, కాంతి తరంగం పొడవును బట్టి వాటి పని మారుతుంది. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ లేజర్ తెల్లని చర్మానికి అనువైనది. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ కాంతిని మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది, అది లోతుకూ పోతుంది కనుక నల్లని చర్మానికి భద్రం. 810 నానోమీటర్ల ప్రాంతంలో పనిచేసే డయోడ్ లేజర్‌ను కూడా మంచి శీతలీకరణతో, జాగ్రత్తగా వాడవచ్చు. కొన్నిచోట్ల లేజర్ పేరుతో వాడే ఐపీఎల్ (ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్) అన్నది అసలు లేజరే కాదు, అనేక తరంగాలు కలిసిన కాంతి. కాబట్టి యంత్రం పేరు అడగండి, ముందు చిన్న చోట పరీక్షించి చూడమనండి. చెప్పడానికి ఇష్టపడనివారి దగ్గర చేయి చాపకండి.

నేను నా గడ్డానికి మహబూబ్‌నగర్‌లోనే ఒక చర్మవైద్యురాలి దగ్గర చేయించుకున్నాను. బడిలో పొద్దున ప్రార్థన సమయం నుంచే ఎండలో నిలబడవలసిన ఉద్యోగం నాది. ఆమె అది విని, ఎండాకాలం దాటిన తరువాతే రమ్మని పంపేశారు. మొటిమలకు ఏవైనా మందులు వాడుతున్నానా, నెలసరి క్రమంగా వస్తున్నదా అని కూడా అడిగారు. నా అభిప్రాయంలో గడ్డం మీద మొద్దు వెంట్రుకలు వస్తూ నెలసరి తప్పుతున్న అమ్మాయి ముందుగా వెళ్లవలసింది గైనకాలజిస్ట్ దగ్గరికి. పీసీఓడీ, అంటే హార్మోన్లు తేడా చేసి నెలసరి తప్పే అండాశయాల సమస్య, అదుపులో లేకపోతే లేజర్ చేసినచోటే కొత్తవి మొలుస్తూనే ఉంటాయి. అలాంటి పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని మగపెళ్లివారి పెద్దమ్మలు గడ్డం వంక చూసే చూపులకు మాత్రం ఏ వైద్యంలోనూ మందు లేదు.

సిట్టింగ్‌కు ముందు బ్లేడుతో గీయమంటారు. బ్లేడు పెడితే వెంట్రుక మొద్దుగా పెరుగుతుందని మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బ్లేడు చర్మం పైన ఉన్నదాన్నే కోస్తుంది, కుదురును ముట్టదు. చెంపల మీది సన్నని నూగు జోలికి మాత్రం పోకండి. ముఖం, మెడ మీద లేజర్ తరువాత కొందరికి వెంట్రుకలు తిరిగి ఎక్కువగా రావడం వైద్యులు ఎరిగిన విషయమే, అది మనలాంటి రంగువారిలో ఎక్కువగా కనబడుతుంది. నెరిసిన వెంట్రుకల మీద లేజర్ పనిచేయదు, వాటిని శాశ్వతంగా తీయాలంటే ఎలక్ట్రాలిసిస్, అంటే ఒక్కో కుదురులోకి సన్నని సూదితో కరెంటు పంపి కాల్చడం, ఒక్కటే దారి. "శాశ్వతంగా పోతాయి" అన్న బోర్డులనూ నమ్మవద్దు. మందులను, వైద్య యంత్రాలను నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ సైతం యంత్రాల తయారీదారులను శాశ్వతంగా తగ్గుతాయని చెప్పుకోనిస్తుందే తప్ప, మొత్తం పోతాయని చెప్పుకోనివ్వదు.

మా చెల్లె మిగిలిన సిట్టింగులకు వెళ్లలేదు. ముందే కట్టించుకున్న ప్యాకేజీ డబ్బును ఆ క్లినిక్ వారు తిరిగి ఇవ్వలేదు. ఏ సిట్టింగ్‌కు ఆ సిట్టింగ్ డబ్బు తీసుకునే చోటికే వెళ్లండి, రసీదు మీద యంత్రం పేరు కూడా రాయించుకోండి.