వేరికోసీల్ ఉంటే మగతనం పోతుందా?

ప్రశ్న: నా వయసు 29. పెద్దపల్లి జిల్లాలో ఒక రైస్‌మిల్లులో బాయిలర్ దగ్గర పని. పెళ్లయి రెండేళ్లు దాటింది, పిల్లల్లేరు. ఎడమ వృషణం పైన మెలికలు తిరిగిన నరాలు చేతికి తగులుతున్నాయి. సాయంత్రానికి బరువుగా లాగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. స్కానింగ్‌లో వేరికోసీల్, గ్రేడ్ 2 అన్నారు. వీర్యకణాలు మిల్లీలీటరుకు 90 లక్షలే ఉన్నాయి. రిపోర్టు చూసిన ఒకాయన నరాల బలహీనత అని చెప్పి, ఆర్నెల్ల కోర్సుకు 18 వేలు కట్టమన్నాడు. అప్పటి నుంచి టెన్షన్‌తో నా భార్యతో కలిసినప్పుడు మధ్యలోనే అంగం మెత్తబడుతోంది. తెల్లవారుజామున మాత్రం మామూలుగానే గట్టిపడుతుంది. మా అమ్మ ఆమెనే తప్పుపడుతూ గుళ్ల చుట్టూ తిప్పుతోంది. ఆపరేషన్ చేయిస్తే ఉన్నది కూడా పోతుందని మిల్లులో అంటున్నారు. ఏం చేయాలి?
- ఓ పాఠకుడు

జవాబు: ముందు ఆ 18 వేలు కట్టకండి. లైంగిక సామర్థ్యం పెంచుతామంటూ మందులకు ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. అయినా ఈ వ్యాపారం ఆగడం లేదు. మీలాంటి కుర్రాళ్ల భయం మీదే అది నడుస్తోంది. నాకు కోపం వచ్చేది అక్కడే.

మీ చేతికి తగిలేవి వృషణం నుంచి రక్తాన్ని పైకి తీసుకెళ్లే సిరలు. ఎడమవైపు సిర పొడవుగా పైకి వెళ్లి కిడ్నీ సిరలో నిటారుగా కలుస్తుంది. అందుకే ఎక్కువమందికి ఎడమవైపే రక్తం నిలిచి సిరలు ఉబ్బుతాయి. దాన్నే వేరికోసీల్ అంటారు. నూటికి 15 మంది మగవాళ్లకు ఇది ఉంటుంది, వాళ్లలో చాలామందికి పిల్లలు మామూలుగానే పుడుతున్నారు. వీర్యకణాలు సరిగా తయారవ్వాలంటే వృషణాలు ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి. నిలిచిన రక్తం ఆ చల్లదనాన్ని పోగొడుతుంది. బాయిలర్ సెగ దానికి తోడవుతుంది కాబట్టి, వీలైతే కొన్నాళ్లు వేరే సెక్షన్‌కు మార్చమని అడగండి.

అంగం గట్టిపడటానికి కావలసిన రక్తనాళాలు, నాడులు ఈ సిరలు కావు, అవి వేరు. తెల్లవారుజామున బాగానే ఉందంటే అవి పనిచేస్తున్నాయనే అర్థం. భార్య దగ్గర మెత్తబడటానికి కారణం చాలావరకు మీ టెన్షనే. ఈ మాట ఆమెతో ఒక్కసారి మనసు విప్పి చెప్పండి, సగం బరువు దిగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్కల్లో కనీస స్థాయి మిల్లీలీటరుకు కోటీ 60 లక్షలు. మీకు తక్కువే, కానీ పిల్లలు పుట్టరని కాదు. ఒక్క రిపోర్టుతో తేల్చకూడదు. ఈమధ్య గట్టిగా జ్వరం వచ్చినా కౌంట్ పడిపోతుంది. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి, కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. మీ భార్యకూ అండం విడుదల, ట్యూబుల పరీక్షలు జరగాలి. ఇన్నాళ్లూ ఆమె ఒక్కతే నింద మోసింది. మీ రిపోర్టు సంగతి అమ్మగారికి మీరే చెప్పడం న్యాయం.

రెండోసారీ కౌంట్ తక్కువే వచ్చి, ఆమె పరీక్షలు బాగుంటే ఆపరేషన్ మంచి దారి. గజ్జ దగ్గర చిన్న కోతతో, మైక్రోస్కోప్‌లో చూస్తూ ఉబ్బిన సిరలను కట్టేస్తారు. అంగం జోలికి వెళ్లరు, మగతనం పోదు. కొందరికి తర్వాత నీరు చేరి వరిబీజం రావచ్చు, అరుదుగా సమస్య తిరగబెట్టవచ్చు. కొత్త కణాలు తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి ఫలితం మూడు నెలల తర్వాతే తెలుస్తుంది. చాలామందికి కౌంట్ పెరుగుతుంది, అందరికీ కాదు.

హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో యూరాలజీ విభాగాలున్నాయి. పాత రిపోర్టులన్నీ పట్టుకుని ఇద్దరూ కలిసి వెళ్లండి. సిగరెట్, గుట్కా ఉంటే ఇవాళే మానండి. జిమ్‌లో ఇచ్చే టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ల జోలికి అసలు పోవద్దు, అవి ఉన్న కౌంట్‌నూ చంపేస్తాయి. ఎప్పుడైనా వృషణంలో ఒక్కసారిగా భరించలేని నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకండి. అది మెలిపడటం కావచ్చు, ఆరు గంటల్లోపే ఆసుపత్రికి చేరాలి.