రెండు నెలల అద్దె బాకీ, తాళం మార్చేస్తానంటున్న ఓనర్

ప్రశ్న: మేం న్యూయార్క్ క్వీన్స్‌లో ఉంటున్నాం. మావారి ఉద్యోగం పోయింది, నా ఒక్కదాని జీతమే. నెలకి 2,300 డాలర్ల అద్దె రెండు నెలలుగా కట్టలేదు. ఓనర్ 14 రోజుల నోటీసు ఇచ్చాడు, లేట్ ఫీజు 300 కూడా కలిపి కట్టకపోతే తాళం మార్చేస్తా అంటున్నాడు. ఫోర్ ఓ వన్ కే (ఉద్యోగంలో దాచుకున్న రిటైర్మెంట్ పొదుపు) డబ్బు తీసేయమంటారా?

అమ్మా, వద్దు. ముందు తాళం సంగతి చెప్తా, మీకు నిద్ర పట్టనివ్వనిది అదే కదా. న్యూయార్క్ సిటీలో 30 రోజులు దాటి ఉంటున్నవాళ్లని కోర్టు ఆర్డర్ లేకుండా గెంటేయడం నేరం, అలా చేస్తే 911కి ఫోన్ చేసి పోలీసుల్ని పిలవండి. నోటీసు గడువు దాటితే ఆయనకి వచ్చేది హౌసింగ్ కోర్టులో కేసు వేసే హక్కు మాత్రమే, ఆ తర్వాత తీర్పు రావాలి, ఖాళీ చేయించమనే వారంట్ రావాలి, దాన్ని అమలుచేసే అధికారి, అంటే మార్షల్, మళ్లీ 14 రోజుల నోటీసివ్వాలి.

ఈలోపు హియరింగ్‌కి ముందే బాకీ మొత్తం కట్టేస్తే ఓనర్ తీసుకోవాల్సిందే, కేసు అక్కడితో సరి. తీర్పొచ్చాక కూడా మార్షల్ ఖాళీ చేయించేలోపు మొత్తం కడితే జడ్జి వారంట్ రద్దు చేస్తారు, కావాలనే ఎగ్గొట్టారని ఓనర్ రుజువు చేస్తే తప్ప. టైముంది కాబట్టే రిటైర్మెంట్ డబ్బు ముట్టుకోవద్దంటున్నా, రిటైర్మెంట్ వయసు రాకుండా తీస్తే 10 శాతం పెనాల్టీ, పైన టాక్సు, 4,600 చేతికి రావాలంటే ఆరు వేల పైనే పోతుంది. ఆ 300 అయితే ఈ కేసులో అడగడానికే లేదు, అసలు లేట్ ఫీజే మీ అద్దెకి 50 డాలర్లు దాటకూడదు.

కోర్టు పేపర్లు అందితే మాత్రం పక్కన పడేయకండి, 10 రోజుల్లో జవాబివ్వాలి. ఇంట్లో హీటర్ రాకపోవడం, నీళ్లు కారడం లాంటివుంటే ఫోటోలు తీసి అందులో రాయండి, దానికి జడ్జి అద్దె తగ్గించొచ్చు.

నా అసలు భయం మీరు కోర్టు వరండాలో ఓనర్ లాయర్ చూపించిన ఒప్పందం మీద కంగారుగా సంతకం పెట్టేస్తారేమో అని. రెండు నెలల్లో బాకీ తీరుస్తానంటే కొత్త అద్దెతో కలిపి నెలకి 4,600 అవుతుంది, అదే ఆరు నెలలకి అడిగితే 3,070 లోపే. ఏ నెల తప్పినా మళ్లీ వారంట్ దాకా వెళ్తుంది, అందుకే మీ జీతంలో తిండి, కరెంటు పోగా ఎంత మిగులుతుందో ఇవాళే రాసుకోండి. ఆదాయం తక్కువున్నవాళ్లకి సిటీ ఫ్రీగా లాయర్‌ని ఇస్తుంది, మొదటి రోజే జడ్జిని అడగండి, ఆ లాయర్ చదివాకే సంతకం.