జీపీయూ పాస్‌త్రూ చేసిన విండోస్ వీఎంలో హెచ్‌డీఎంఐ సౌండ్ చిటపటలాడుతుంటే

ఉబుంటు మీద కేవీఎం (వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు నడిపే సాఫ్ట్‌వేర్), లోపల విండోస్ 10, ఎన్‌విడియా కార్డు పాస్‌త్రూ (కార్డుని నేరుగా వీఎంకే అప్పగించడం). గేములు బాగానే ఆడుతున్నాయి గానీ హెచ్‌డీఎంఐ సౌండ్ చిటపటలాడుతోంది, మధ్యమధ్యలో గొంతు సాగిపోతోంది, డ్రైవర్ మళ్లీ వేసినా మారలేదు అని మీరు అన్నారు. ఇక డ్రైవర్ జోలికి పోకండి. నాకూ అచ్చం ఇలాగే వచ్చింది. చిక్కు ఇంటరప్ట్‌ల (డివైస్ ప్రాసెసర్‌ని పిలిచే సంకేతాల) దగ్గర ఉంది.

గ్రాఫిక్స్ కార్డులో వీడియో భాగం పీసీఐ చిరునామా 01:00.0 అయితే, హెచ్‌డీఎంఐ ఆడియో 01:00.1గా విడిగా కనిపిస్తుంది. రెండూ వీఎంకి ఇవ్వాలి. మీకు సౌండంటూ వస్తోంది కాబట్టి అది ఇచ్చే ఉంటారు.

వీఎం నడుస్తుండగానే హోస్ట్‌లో (అంటే బయటి ఉబుంటులో) సుడోతో ఎల్ఎస్‌పీసీఐ -వీవీ (పీసీఐ డివైస్‌ల వివరాలు చూపే కమాండ్) కొట్టి, 01:00.1 కింద ఎంఎస్ఐ (మెసేజ్ సిగ్నల్డ్ ఇంటరప్ట్, కొత్త పద్ధతి) అనే లైను చూడండి. ఎనేబుల్ పక్కన మైనస్ గుర్తు ఉంటే ఆడియో ఇంకా పాత లైన్ ఇంటరప్ట్‌ల మీదే నడుస్తోందన్నమాట. వాటిలో ఇంటరప్ట్ వచ్చిన ప్రతిసారీ హోస్ట్ ఆ లైన్‌ని ఆపాలి, గెస్ట్ (లోపలి విండోస్) పని ముగించాక మళ్లీ తెరవాలి. ఈలోపు బఫర్ (సౌండ్ డేటా ముందుగా నింపి ఉంచే చోటు) ఖాళీ అయిపోతుంది, అదే మీకు చిటపటగా వినిపిస్తోంది.

అందుకే ఆడియోని ఎంఎస్ఐకి మార్చాలి. విండోస్ డివైస్ మేనేజర్‌లో, సిస్టమ్ డివైసెస్ కింద హై డెఫినిషన్ ఆడియో కంట్రోలర్ తెరిచి, డీటెయిల్స్‌లో డివైస్ ఇన్‌స్టన్స్ పాత్ రాసుకోండి. రిజిస్ట్రీలో కరెంట్ కంట్రోల్ సెట్, ఈనమ్ కింద అదే పాత్‌కి వెళ్లండి. అక్కడ డివైస్ పారామీటర్స్, ఇంటరప్ట్ మేనేజ్‌మెంట్ లోపల మెసేజ్ సిగ్నల్డ్ ఇంటరప్ట్ ప్రాపర్టీస్ అనే కీ ఉండాలి. లేకపోతే పదాల మధ్య ఖాళీ లేకుండా మీరే సృష్టించండి. అందులో ఎంఎస్ఐ సపోర్టెడ్ అనే డీవర్డ్ విలువ 1 పెట్టి (ఈ పేరులోనూ ఖాళీ ఉండదు), వీఎంని పూర్తిగా ఆపి మళ్లీ లేపండి. మైనస్ ఉన్నచోట ప్లస్ కనిపించాలి. నాకు ఆ గుర్తు మారాక సౌండ్ శుభ్రంగా వచ్చింది. 01:00.0కి కూడా ఇదే చేయండి. ఎల్ఎస్‌పీసీఐలో ఎంఎస్ఐ లైనే లేని డివైస్‌కి మాత్రం పెట్టకండి, విండోస్ బూట్ కాకపోవచ్చు. ముందుగా స్నాప్‌షాటో బ్యాకపో తీసుకోండి.

ఎన్‌విడియా డ్రైవర్ అప్‌డేట్ చేసినప్పుడు ఈ సెట్టింగ్ ఎగిరిపోవచ్చు. బాగున్న సౌండ్ మళ్లీ పాడైతే ముందు ఇదే చూడండి.

ప్లస్ వచ్చాక కూడా గేమ్ బరువెక్కినప్పుడు మాత్రమే తెగుతుంటే, వీఎం కోర్లని హోస్ట్ కోర్లకి పిన్ చేసి (ఒక్కోదాన్ని ఒక్కో కోర్‌కి కట్టిపడేసి), రెండు కోర్లు హోస్ట్‌కి వదిలేయండి. అప్పటికీ కుదరకపోతే యూఎస్‌బీ సౌండ్‌కార్డు ఒకటి, వీలైతే దాని కంట్రోలర్‌తో సహా, వీఎంకి ఇచ్చేయండి.