న్యూరోఫీడ్‌బ్యాక్‌కు డబ్బు కట్టే ముందు దారిఖర్చు లెక్క వేయండి

రాజాం నుంచి అడిగిన చెల్లెమ్మకు,

మీ తొమ్మిదేళ్ల బాబుకు ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవక కుదురుగా ఉండలేని సమస్య, ఉందని తేలిందని రాశారు. విశాఖలో ఒక కేంద్రంవారు వారానికి మూడు చొప్పున 40 న్యూరోఫీడ్‌బ్యాక్ సెషన్లు (మెదడు తరంగాలను యంత్రంతో చదువుతూ ధ్యాస నిలపడం నేర్పేవి), వాటితోపాటు వారం వారం కౌన్సెలింగ్ చేయించాలన్నారని, సెషన్‌కు 1,200 అయితే ఒకేసారి కట్టినవారికి మొత్తం 40,000 అన్నారని చెప్పారు. ఎన్నిసార్లు వెళ్లాలి, డబ్బు ఎలా సర్దుకోవాలి అన్నది మీ ప్రశ్న. ఆ 40,000 మాత్రం ఇప్పుడే కట్టకండి.

మాది శ్రీకాకుళం. నేను బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. మా వాడికీ తొమ్మిదేళ్లప్పుడే, 2024 జూన్‌లో, ఇదే పని మొదలుపెట్టాం. నా చెవిదిద్దులు కుదువ పెట్టి, 40 సెషన్లకు 35,000 ఒకే విడత కట్టేశాం. విడిగా అయితే 40,000 అన్నారు, అయిదు వేలు మిగిలాయని సంతోషపడ్డాను. రోజూ పదిమంది లెక్కలు రాసే మనిషిని, నా లెక్కలో దారిని వేసుకోలేదు.

శ్రీకాకుళం నుంచి విశాఖ దాదాపు 110 కిలోమీటర్లు. రాజాం నుంచి మీకూ ఇంచుమించు అంతే పడుతుంది. నాకు పూర్తి టికెట్టు, వాడికి అర టికెట్టు, అటూ ఇటూ ఆటోలు కలిపి 650. తిండికి 150. ఆ రోజు దుకాణానికి వెళ్లను కాబట్టి జీతంలో 500 కోత. అంటే ఒక్క ప్రయాణానికి 1,300. నలభై ప్రయాణాలకు 52,000. ఫీజు 35,000, దాన్ని చేరుకోవడానికి 52,000! ఇది ముందే కాగితం మీద పెట్టి ఉంటే వారానికి మూడుసార్లకు ఒప్పుకునేదాన్నే కాదు. మేం తిరిగిన రోజుల్లో లేదు గాని, 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కూడా ఆడవారికి ప్రయాణం ఉచితం. ఆధార్ దగ్గర పెట్టుకుని మీరే బాబును తీసుకువెళితే ఒక టికెట్టు తగ్గుతుంది.

డబ్బు ఒక్కటే కాదు, పిల్లవాడి ఒళ్లు కూడా చూడాలి. సెషన్ అంటే నొప్పేమీ ఉండదు. తల మీద రెండు మూడు చోట్ల జిగురు లాంటి పేస్టు రాసి సెన్సార్లు అతికిస్తారు, చెవి తమ్మెలకు క్లిప్పులు పెడతారు. మెదడులోని విద్యుత్ తరంగాలను యంత్రం చదువుతుందే తప్ప లోపలికి కరెంటు పంపదు. ఎదురుగా తెర మీద ఒక పడవ ఉండేది. వాడి తరంగాలు వారు కోరిన తీరులో ఉన్నంతసేపు పడవ కదిలేది, ధ్యాస చెదిరితే ఆగిపోయేది. అరగంట అలా సాగేది. బయటికి వచ్చాక పేస్టు ఎండి జుట్టు అట్టలు కట్టేది. బస్టాండు కుళాయి దగ్గర తల కడిగి, నా కొంగుతో తుడిచి బస్సు ఎక్కించేదాన్ని. రణస్థలం రాకముందే నా ఒడిలో నిద్రపోయేవాడు. మూడో వారానికి జ్వరం వచ్చింది, బడిలో హాజరు పడిపోయింది. అప్పుడు వారానికి రెండుకు తగ్గించాం. తర్వాత అదీ కుదరక 22 సెషన్ల దగ్గర ఆపేశాం. మిగిలిన 18 సెషన్ల డబ్బు తిరిగి ఇవ్వలేదు. సెషన్‌కు 875 చొప్పున 15,750. రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఆ షరతు ఉంది. కట్టేటప్పుడు నేను చదవలేదు.

మరి ఉపయోగపడిందా అంటే, నిజాయితీగా చెప్పాలి. ఎక్కాలు రాసేటప్పుడు ఒక పేజీకి ఎన్నిసార్లు లేస్తున్నాడో మొదటినుంచీ ఒక నోటుపుస్తకంలో రాసేదాన్ని. మొదట్లో ఏడుసార్లు, పన్నెండో సెషన్ నాటికి నాలుగు. కాని ఆ మధ్యలోనే డాక్టరుగారు మందు మోతాదు మార్చారు, బడిలో టీచరుగారు వాణ్ణి కిటికీ పక్కనుంచి ముందు బల్లకు మార్చారు. మూడింటిలో దేనివల్ల తగ్గిందో ఎలా చెప్పగలను? ఇదే మాట మా మానసిక వైద్యులను అడిగితే ఒక పరిశోధన గురించి చెప్పారు. అమెరికాలో 7 నుంచి 10 ఏళ్ల పిల్లలు 144 మంది మీద చేసి, 2021లో ప్రచురించిన అధ్యయనం అది. కొందరికి నిజమైన న్యూరోఫీడ్‌బ్యాక్, మిగతావారికి చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తిది ఇచ్చారు. రెండు గుంపులూ మెరుగుపడ్డాయి, కాని వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆరేళ్లు దాటిన పిల్లలకు మందు, తల్లిదండ్రులకు శిక్షణ, బడి సహకారం, ఈ మూడింటికే బలమైన ఆధారాలున్నాయని ఆయన అన్నారు. అందుకే మందు మానిపించి, లేదా కౌన్సెలింగ్ ఎగ్గొట్టి ఆ డబ్బు న్యూరోఫీడ్‌బ్యాక్‌కు పెట్టే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి.

మాకు నిజంగా ఆసరా అయింది కౌన్సెలింగే. వాడికంటే ఎక్కువగా నాకూ మా ఆయనకూ నేర్పినవి అవి. మొత్తం 12 సెషన్లు, ఒక్కోటి 700. మొదటి ఆరు వారానికి ఒకటి, తర్వాత నాలుగు రెండు వారాలకు ఒకటి, చివరి రెండు నెలకు ఒకటి. వాటిలో అయిదు సెషన్లకే విశాఖ వెళ్లాం, మిగతా ఏడు ఫోనులో వీడియో మీద జరిగాయి. ఫీజు 8,400, ప్రయాణాలకు 6,500, కలిపి 14,900. ఆ ప్యాకేజీలో పోగొట్టుకున్న డబ్బుతో ఇదంతా అయిపోయేది.

అక్కడ నేర్చుకున్నది ఒకటి చెబుతాను. వంటింట్లోంచి మూడు పనులు ఒకేసారి కేకవేసి చెప్పడం మానేశాను. దగ్గరికి వెళ్లి, భుజం మీద చేయి వేసి, ఒకే పని చెబుతాను. హోంవర్కును పది నిమిషాల ముక్కలు చేశాం. ఒక ముక్క పూర్తయితే గాజు సీసాలో ఒక చింతపిక్క వేస్తాడు. పది పిక్కలైతే వాళ్ల నాన్న సైకిలు మీద నాగావళి ఒడ్డుకు తీసుకువెళతారు. ఇప్పటికీ ఆ సీసా బల్ల మీదే ఉంది. దీనికి ఏ యంత్రమూ అక్కరలేదు గాని, ఎలా చేయాలో చెప్పేవారు కావాలి. వారిని ఎంచుకునేటప్పుడు క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు ఉంటే చాలదు. భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. సరైనవారు నొచ్చుకోరు.

బీమా గురించి కూడా అడిగారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక అనారోగ్యానికీ శరీర అనారోగ్యంతో సమానంగా బీమా ఇవ్వాలి. అయినా చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి. మనవి వచ్చి వెళ్లే సెషన్లు. ఓపీ ఖర్చులు వర్తిస్తాయో లేదో ముందే రాతపూర్వకంగా అడగండి. బాబుకు ఆటిజం కూడా ఉందని తేలితే మాత్రం నిరామయ అనే ఆరోగ్య బీమా పథకం గురించి వాకబు చేయండి. ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీలకూ వర్తిస్తుంది. ఏడీహెచ్‌డీ ఒక్కటే ఉంటే అది రాదు.

ఫీజులు భారమైతే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఇక మీకే మనసు బాగాలేని రాత్రి వస్తే 14416కు చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ఒక రాత్రి వాణ్ణి కొట్టి, తర్వాత గట్టు మీద కూర్చుని ఏడుస్తూ నేను ఆ నంబరుకే చేశాను.

ఇంత చెప్పినా మీ ఇంట్లో న్యూరోఫీడ్‌బ్యాక్ చేయిద్దామనే అనుకుంటే, నేను మళ్లీ మొదలుపెడితే ఎలా చేస్తానో చెబుతాను. ముందు రెండు నెలలు కౌన్సెలింగ్ చేయిస్తాను. బడి రోజుల్లో యంత్రం జోలికి పోను. వేసవి సెలవుల్లో మధురవాడలో మా ఆడపడుచు ఇంట్లో నెల రోజులు ఉండి, వారానికి రెండుమూడు చొప్పున పది సెషన్లు, ఏ రోజు డబ్బు ఆ రోజే ఇచ్చి చేయిస్తాను. ఆ నెలలో మందు మోతాదు గాని, ఇంకేదైనా గాని మార్చకుండా ఉండగలమా అని డాక్టరుగారిని అడుగుతాను. పది సెషన్ల తర్వాత నోటుపుస్తకంలో అంకె కదలకపోతే అక్కడితో ఆపేస్తాను. కదిలితే మరో పది చేయిస్తాను. 20,000 మించి ఒక్క రూపాయి కూడా దానికి కేటాయించను.

విశాఖలో మీకు ఉండటానికి బంధువుల ఇల్లేదైనా ఉందా? బాబుకు పరీక్షలు ఎప్పుడు అయిపోతాయి? ఆ రెండూ, మీ పక్క బస్సు, ఆటో ఛార్జీలూ రాయండి. మీ ఖర్చు పట్టిక నేను వేసి పంపుతాను.