అరకు స్పెషాలిటీ కాఫీకి అంత ధర ఎందుకు? పండ్లు కోసి చూశాక నా సమాధానం

అరకు స్పెషాలిటీ కాఫీ మామూలు ఫిల్టర్ పొడికి రెండు మూడు రెట్లు ధర పలుకుతోంది, తేడా నిజంగా ఉందా, పేరుకే డబ్బు కడుతున్నామా అని అడిగారు. తేడా ఉంది. అది ఎక్కడ పుడుతుందో దగ్గరుండి చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

మాది విశాఖపట్నం. రెండేళ్ల క్రితం డిసెంబరులో పాడేరు దగ్గర ఒక ఊళ్లో, నాతో పనిచేసే మిత్రుడి ఇంట్లో మూడు రోజులు ఉన్నాను. వాళ్లకు ఎకరంన్నర కాఫీ తోట. కొండవాలున సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ మొక్కలు. మన్యంలో చాలామంది గిరిజన రైతులవి ఇలాంటి చిన్న కమతాలే.

నేనూ బుట్ట పట్టుకుని కోతకు వెళ్లాను. ఒకే రెమ్మ మీద ఎర్రని పండు, పక్కనే రంగు తిరుగుతున్న దోరకాయ, దాని కిందే పచ్చికాయ. గంటసేపు కోసి తెస్తే మిత్రుడి అమ్మగారు బుట్టను గోనెపట్టా మీద గుమ్మరించి, పచ్చివీ దోరవీ ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టారు. దాదాపు మూడో వంతు పోయింది. “రెమ్మంతా దూసేస్తే పని తొందరగానే అవుతుంది బాబూ, కానీ కాఫీ వగరెక్కుతుంది” అన్నారు. ఒక ఎర్రపండు చిదిపి నా చేతిలో పెట్టారు. లోపల రెండు గింజలు, చుట్టూ వేళ్లకు అందకుండా జారే జిగురు. నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంది! అంతవరకు నాకు కాఫీ అంటే చేదే.

పండినవే కోయాలంటే ఒకే చెట్టు దగ్గరికి సీజనులో నాలుగైదు సార్లు వెళ్లాలి. ధరలో పెద్ద భాగం ఆ తిరుగుళ్లదే. కోసిన రోజే పండ్లను నీళ్లలో పోసి తేలినవి తీసేస్తారు. పల్పర్ అనే యంత్రంలో తోలు వలిచి, జిగురు వదిలేదాకా ఊరబెట్టి, కడిగి, ఎత్తుగా కట్టిన వలల మీద ఆరబెడతారు. ఊరడం ఎక్కువైతే పట్టే పులిసిన వాసన ఇక పోదు. ఒక మధ్యాహ్నం మబ్బు కమ్మగానే ఇంటిల్లిపాదీ తింటున్న కంచాలు వదిలేసి వలల దగ్గరికి పరుగెత్తారు.

సుమారు ఆరు కిలోల పండ్లకు కిలో పచ్చి గింజలు వస్తాయి. వేయిస్తే అందులోనూ ఆరో వంతు దాకా తూకం తగ్గుతుంది. అంటే మీ పావుకిలో ప్యాకెట్టు కోసం కిలోన్నరకు పైగా పండ్లు కోశారన్నమాట.

స్పెషాలిటీ అంటే రుచి చూసే నిపుణులు వందకు ఎనభై, ఆపైన మార్కులు వేసిన కాఫీ. అరకులో పండే అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే అది ఎక్కడ పండిందో చెబుతుంది, ఎంత శ్రద్ధగా కోశారో చెప్పదు. తిరుగుదారిలో నేను కొన్న ఒక ప్యాకెట్టు మీద అరకు పేరు పెద్ద అక్షరాల్లో ఉంది, వెనకవైపు చిన్న అక్షరాల్లో చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) నలభై శాతం అని ఉంది. చికోరీ చెడ్డదని అనను, దానికి ఈ ధర పెట్టడం మాత్రం నాకు సమ్మతం కాదు. ప్యాకెట్టు తిప్పి చికోరీ ఉందేమో, గింజలు వేయించిన తేదీ వేశారో లేదో చూడండి. ఏ ఊరి గింజలని అడగండి, రైతుకు కిలో పండ్లకు ఎంత ఇచ్చారని కూడా అడగండి. చెప్పలేని చోట నేను కొనడం మానేశాను.

ఇంట్లో మన ఫిల్టరే చాలు. చికోరీ లేదు కాబట్టి డికాక్షన్ పలచగా, లేత రంగులో దిగుతుంది. పొడి పాడైందని కంగారుపడకండి, ఒక చెంచా ఎక్కువ వేయండి. మరుగుతున్న నీళ్లను దించి అర నిమిషం ఆగి పోయండి. పాలు, చక్కెర కలపకముందు ఒక్క గుక్క తాగండి. మిత్రుడి తోట గింజల్లో నాకు ముందు బెల్లం వాసన, మింగాక నారింజ తొన లాంటి సన్నని పులుపు తెలుస్తాయి.