నల్ల కారు మీద గీతలు పడకూడదంటే ముందు పొడిగుడ్డ మానేయండి

కొన్న కొద్ది నెలలకే నల్ల కారు మీద ఎండలో సాలెగూడులాంటి సన్నని గీతలు కనిపిస్తున్నాయని, ఏ షాంపూ వాడితే అవి రావని అడిగారు. షాంపూ సంగతి తర్వాత. మీ అపార్ట్‌మెంటులో పొద్దున్నే ఎవరైనా కారు తుడుస్తున్నారా? నెలకు ఇంత అని మాట్లాడుకుని, ఒకే బకెట్, ఒకే గుడ్డతో వరసపెట్టి కార్లన్నీ తుడిచే పద్ధతేనా? అయితే కారణం దొరికినట్టే.

కారు రంగు మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటుంది. దాని మందం సాధారణంగా 40–50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుకంత కూడా ఉండదు. రాత్రంతా కారు మీద పడే దుమ్ములో ఇసుక రేణువులు దండిగా ఉంటాయి. ఇసుకలోని క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలమానంలో 7, కిటికీ అద్దానిది 5.5 దగ్గర. అద్దాన్నే గీయగల రేణువులను పొడిగుడ్డ కింద పెట్టి రుద్దితే ఆ పలుచని పొర గతి ఏమవుతుందో వేరే చెప్పాలా? తెల్ల కారు మీదా ఇన్ని గీతలే పడతాయి. గీత అంచు వెలుతురును చెదరగొట్టి తెల్లగా మెరుస్తుంది కాబట్టి తెలుపులో కలిసిపోతుంది, నలుపు మీద బయటపడుతుంది, అంతే తేడా.

గుండ్రంగా రుద్దడం వల్లే గుండ్రటి గీతలు వస్తాయని చాలామంది నమ్మకం. నిజానికి గీతలు అన్ని దిక్కులా ఉంటాయి, వాటిలో వెలుతురుకు అడ్డంగా ఉన్నవే మనకు మెరుస్తాయి, అందుకే అవి వెలుతురు చుట్టూ వలయంలా కనిపిస్తాయి. చీకట్లో ఫోను టార్చి వెలిగించి బానెట్ మీద అటూ ఇటూ జరిపి చూడండి, ఆ వలయం కూడా టార్చితోపాటే జరుగుతుంది.

నేనుండేది హైదరాబాదులో, చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక భవనం లేస్తూనే ఉండే చోట. సిమెంటు దుమ్ముకు కొదవలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు కష్టమనిపించిన పని మా కార్లు తుడిచే పెద్దాయనను ఒప్పించడమే. ‘రోజూ తుడవకండి బాబాయ్’ అంటే ఆయనకు నెల డబ్బులు పోతాయేమోనని భయం. ‘తుడవకపోతే పని ఎగ్గొట్టానని అమ్మగారు అనుకుంటారు సార్’ అన్నారు. డబ్బుల్లో రూపాయి తగ్గదని, అద్దాలు, చక్రాలు చూసుకుంటే చాలని, రంగున్న చోట మాత్రం చెయ్యి వేయొద్దని ఒప్పందం కుదిరింది. కారు ముట్టుకోనందుకు డబ్బులేమిటని పక్క ఫ్లాటు వాళ్లు నవ్వారు. పాలిష్ చేయించి బిల్లు కట్టినవాళ్లయితే నవ్వరు.

ఇక కడగడం. మామూలు వాడకానికి వారానికి ఒకసారి చాలు. అదీ నీడలో, బానెట్ మీద అరచెయ్యి ఆనిస్తే చల్లగా తగిలినప్పుడు. వేసవిలో ఎండెక్కితే నల్ల కారుకు ఆ యోగం ఉండదు, నురుగు ఎక్కడిదక్కడ ఎండిపోయి మరకలు కడుతుంది. మొదట చెయ్యి తగలకుండా పైపుతో పైనుంచి కిందికి నీళ్లు కొట్టండి. ఇక్కడ తొందరపడకండి, నీళ్లతో పోయిన ప్రతి రేణువూ మీ చేతి కింద పడనిదే. చక్రాలకు వేరే గుడ్డ, వేరే బకెట్ ఉండాలి. బ్రేకుల నుంచి రాలిన ఇనుప పొడి ఉండేది అక్కడే, ఆ గుడ్డ పొరపాటున కూడా డోరు మీదకు రాకూడదు.

తర్వాత రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదానిలో షాంపూ నీళ్లు, రెండోదానిలో ఉత్త నీళ్లు. రెండో బకెట్ అడుగున చిల్లుల ప్లాస్టిక్ పళ్లెం ఉంచాలి, గ్రిట్ గార్డ్ అని అడిగితే ఇస్తారు. స్పాంజి బదులు చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ మిట్ వాడండి, దాని పోగుల మధ్యకు దుమ్ము వెళ్లిపోతుంది. స్పాంజి అయితే దాన్ని తన ముఖం మీదే పెట్టుకుని ఈడుస్తుంది. ఒక్కో భాగం అయ్యాక మిట్‌ను ముందు ఉత్త నీళ్లలో ఆ పళ్లేనికి రుద్ది, పిండి, అప్పుడు షాంపూలో ముంచాలి. బలం అక్కర్లేదు, మిట్ బరువు చాలు. పైకప్పు, బానెట్ ముందు. డోర్ల కింది భాగాలు, వెనక బంపరు ఆఖరున. పనంతా అయ్యాక రెండో బకెట్ మెల్లగా వంచి చూడండి. అడుగున బూడిద రంగు ఒండ్రు ఉంటుంది, వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది. ఒకే బకెట్ అయితే అది మళ్లీ బానెట్ మీదకే వెళ్లేది. మధ్యలో మిట్ నేల మీద పడితే దులిపి వాడకండి, ఇంకొకటి తీయండి.

షాంపూ మాటకొస్తే, కార్ల కోసం అమ్మే పీహెచ్ తటస్థంగా ఉన్నది, అంటే ఆమ్లమూ క్షారమూ కానిది, ఏదైనా సరే. సర్ఫు పొడి మాత్రం వద్దు, కరగని పలుకులు గీస్తాయి, పైన మైనం పూత ఉంటే అదీ పోతుంది.

నీళ్ల గురించి ఎవరూ చెప్పరు గానీ నల్ల కారుకు సగం బాధ వాటితోనే. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఆరితే తెల్లటి చుక్కలవుతాయి. తాగునీటి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 2000 వరకు ఒప్పుకుంటారు. చాలా అపార్ట్‌మెంట్ల బోర్లు మొదటి హద్దు ఎప్పుడో దాటేసి ఉంటాయి. ఆర్వో వదిలేసే నీళ్లతో కారు కడగమని సలహా ఇచ్చేవాళ్లు మీకూ తగిలే ఉంటారు. ఆ నీళ్లతో నేల కడుక్కోండి, కారు జోలికి తేకండి. ఆర్వో వేరు చేసిన లవణాలన్నీ చిక్కబడి ఉండేది వాటిలోనే. దానికి బదులు ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పట్టండి. గాలిలోని తేమ చల్లబడి కారేవి కాబట్టి లవణాలు దాదాపు ఉండవు. వాటినే పలుచని బట్టలో వడకట్టి, ఆఖరిసారి కారు మీద పోయడానికి నేను వాడతాను. అప్పటికే చుక్కలు పడి ఉంటే తెల్ల వెనిగర్‌కు అంతే నీళ్లు కలిపి, చల్లగా ఉన్న రంగు మీద తడిగుడ్డతో అద్ది, ఒక నిమిషం ఆగి బాగా కడిగేయండి. అప్పటికీ పోలేదంటే పొరను తినేసినట్టు, పాలిషే గతి.

ఆరబెట్టేటప్పుడు రుద్దకండి. పెద్ద మైక్రోఫైబర్ టవల్‌ను బానెట్ మీద పరిచి, రెండు మూలలు పట్టుకుని మీ వైపు లాగితే నీళ్లు అదే పీల్చుకుంటుంది. ఆ టవళ్లను నూలు బట్టలతో కలిపి ఉతకకూడదు, నూగు పట్టుకుంటుంది. బట్టలు మెత్తబడటానికి పోసే ద్రవం పోస్తే నీళ్లు పీల్చడం తగ్గిపోతుంది.

ఉన్న గీతలు పోవాలంటే పాలిష్ చేయాలి, అంటే క్లియర్ కోట్‌ను కొన్ని మైక్రాన్లు అరగదీయడమే. కాబట్టి ఏటా చేయించే పని కాదు. అరగంటలో గీతలు మాయం చేస్తామనే చోట సాధారణంగా వాటిని పూతతో నింపి వదులుతారు, కొన్ని కడుగుళ్లకే మళ్లీ తేలతాయి. సిరామిక్ కోటింగ్ అనే రక్షణ పూత వేయిస్తే దుమ్ము తేలిగ్గా జారుతుంది, నిజమే. అది ఉందన్న ధైర్యంతో పొడిగుడ్డ పట్టుకుంటే మాత్రం ఆ డబ్బు వృథా. దుమ్ము ప్రాంతంలో కారు కవరు కూడా నాకు నచ్చదు, గాలికి అది కొట్టుకున్నంతసేపూ కింద ఇసుక రాస్తూనే ఉంటుంది. పిట్ట రెట్ట కనిపిస్తే తడి టిష్యూ పరిచి, నానాక ఎత్తి తీసేయండి. ఎండలో వదిలేస్తే అందులోని ఆమ్లం మచ్చ వేస్తుంది.

దసరాకు బండి పూజ ఉంటుంది కదా, అప్పుడు జాగ్రత్త. దుమ్ము బానెట్ మీద పసుపు వేలితో స్వస్తిక్ గీస్తే గీత కూడా స్వస్తిక్ ఆకారంలోనే మిగులుతుంది. ముందు రోజే కడిగి పెట్టి, బొట్లు అద్దం మీద పెట్టమని అడగండి. మా పూజారిగారు ఒప్పుకున్నారు, మా అత్తగారు ఒప్పుకోలేదు. అందుకని గంధం పలుచగా కలిపి ఇస్తాను, మర్నాడు నీళ్లు పోసి బాగా నానాకే కడుగుతాను.