క్రుషిన్యానీ: రాజు జీతం బాకీకి బదులు ఇచ్చిన ఊరు

పోలండ్ తూర్పు సరిహద్దులోని ఒక పల్లెలో పాతకాలపు చెక్క మసీదు ఉందని విన్నానని, అది అక్కడికి ఎలా వచ్చిందో చెప్పమని అడిగారు. ఆ ఊరి పేరు క్రుషిన్యానీ. వార్సాలో ఉద్యోగం చేసిన కాలంలో నేను అక్కడికి రెండుసార్లు వెళ్లాను.

ఊరు పొడ్లాస్యె ప్రాంతంలో, బియావిస్తోక్ నగరానికి తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. బెలారుస్ సరిహద్దు అక్కడికి చాలా దగ్గర. బస్సులను నమ్ముకోకుండా కారులో వెళ్లడం మేలు. దారి పొడవునా అడవులు, చిన్న చిన్న గుట్టలు, మధ్యమధ్య పొలాలు కనిపిస్తాయి.

చరిత్ర విషయానికి వస్తే, అంతా జీతం బకాయిలతో మొదలైంది. 14వ శతాబ్దం చివరి నుంచి లిథువేనియా పాలకుల కొలువులో స్థిరపడిన తాతార్లు, అంటే తుర్కిక్ మూలాలున్న ముస్లింలు, మంచి ఆశ్వికులు. జీతాలు అందక, హక్కులు కుదించుకుపోయి విసిగిన వారిలో కొన్ని దళాలు 1672లో ఏకంగా ఒట్టోమన్ల పక్షానికి వెళ్లిపోయాయి. వారిని తిరిగి రప్పించుకున్న పోలండ్-లిథువేనియా రాజు మూడవ యాన్ సోబియెస్కి, ఖజానాలో డబ్బు లేకపోవడంతో, బాకీ కింద 1679లో రాచభూములను పంచి ఇచ్చాడు. మన భాషలో చెప్పాలంటే ఇది సైనిక సేవకు ఇచ్చిన మాన్యం. అలా క్రుషిన్యానీ సామ్యూల్ ముర్జా క్షెచోఫ్‌స్కి అనే సేనానికీ, అతని మనుషులకూ దక్కింది. నాలుగేళ్ల తర్వాత ఒట్టోమన్లతో జరిగిన వియన్నా యుద్ధంలో సోబియెస్కి పక్షాన ఉన్న తాతార్లు, శత్రువు వైపు ఉన్న తాతార్ల నుంచి తమను వేరుగా గుర్తుపట్టేందుకు శిరస్త్రాణాల్లో గడ్డి పరకలు పెట్టుకున్నారని చెబుతారు.

ఆకుపచ్చ రంగు వేసిన మసీదును మొదటిసారి దూరం నుంచి చూసి నేను చర్చి అనుకున్నాను. జంట గోపురాల మీది నెలవంకలు కనబడేదాకా అనుమానం తీరలేదు. ఆ పొరపాటుకు కారణం ఉంది: చుట్టుపక్కల చర్చిలు కట్టిన వడ్రంగుల పనితనమే దీనిలోనూ కనిపిస్తుంది. లోపల స్త్రీలకు, పురుషులకు వేర్వేరు గదులు, వేర్వేరు ద్వారాలు ఉన్నాయి. ఇప్పుడు ఊళ్లో మిగిలిన తాతార్ కుటుంబాలు కొన్నే. పండుగలకు మాత్రం దూరప్రాంతాల నుంచి బంధువులు వస్తారు.

మసీదు చూసి వెనుదిరిగే యాత్రికులు ఎక్కువ, కానీ నా దృష్టిలో అసలు చూడవలసినది మిజార్, అంటే చెట్ల నీడలోని శ్మశానం. తాతార్లు తమ పాత భాషను ఎప్పుడో మరచిపోయి స్థానిక భాషలే మాట్లాడుకున్నారు. ప్రార్థనకు మాత్రం అరబీని నిలుపుకున్నారు. అందుకే ఒకే ఆవరణలో అరబీ, రష్యన్, పోలిష్ లిపుల్లో చెక్కిన రాళ్లు కనిపిస్తాయి. రష్యన్ అక్షరాలు జార్ల పాలన నాటి గుర్తులు. నాచు పట్టిన ఆ రాళ్ల మధ్య నెమ్మదిగా నడవడానికి కనీసం ఒక గంట ఉంచుకోండి.